జేబులో గారె

జూన్ 9, సోమవారం

కాటుకని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మూడు నెలలుగా గోకుడే గోకుడు. చెవుల వెనక, పొట్ట కింద, కాళ్ళ సందుల్లో. నల్లటి బొచ్చు పక్కకి తీస్తే లోపల ఎర్రగా, తడిగా ఉంటోంది. దానికి తోడు పొట్ట గొడవ. కక్కడమో, విరేచనాలో, ఏదో ఒకటి. తొమ్మిదేళ్ళ లాబ్రడార్. కుక్కల లెక్కన నాకంటే పెద్దది.

డాక్టర్ నిహారిక చిన్నపిల్లే గానీ గట్టిది. "సర్, స్కిన్, స్టమక్ రెండూ ఒకటే ప్రాబ్లం. ఏదో ఫుడ్ పడట్లేదు. ఏదో తెలియాలంటే ఒక్కటే దారి. ఎనిమిది వారాలు, ఇంతకు ముందెప్పుడూ తినని ఫుడ్ ఒకే ఒక్కటి పెట్టాలి. అది తప్ప చిన్న ముక్క కూడా వద్దు. బిస్కెట్ వద్దు, పెరుగన్నం వద్దు, ప్రసాదం కూడా వద్దు. ఒక్కసారి తప్పితే మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క" అంది.

మంజులత బళ్ళో సైన్సు టీచరు. ఇలాంటివంటే ప్రాణం లేచొస్తుంది. ఇంటికి రాగానే ఫ్రిజ్ మీద ఒక చార్టు అంటించింది. రోజుకో గడి. గోకుడికి పదికి ఇన్ని మార్కులు, పొట్టకి ఇన్ని, పక్కన ఏం తిన్నదీ. ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయినట్టు.

నీలమ్మని పిలిచి చెప్పింది. నీలమ్మ పదకొండేళ్ళుగా మా ఇంట్లో పనిచేస్తోంది. కాటుక వచ్చిన రోజు నుంచీ టీలో ముంచిన బిస్కెట్టు సగం తనకి, సగం దానికి.

"గా మూగజీవి ఏం పాపం చేసిందమ్మా?" అంది. తర్వాత బిస్కెట్ల డబ్బా తనే పై అరలో పెట్టేసి, "ఇగ నేను గూడ తిననులే. నేను తింటుంటే అది చూస్తది" అంది.

మర్చిపోయాను. డాక్టరమ్మ మేం బయల్దేరేటప్పుడు సిగ్గుపడుతూ ఫోను తీసింది. వాళ్ళ నాన్నకి నా డైలాగంటే పిచ్చట, వీడియోలో చెప్పమంది. చెప్పాను. "ఆకాశంలో తిరిగే గ్రహానికి నీ ఇంటి అడ్రసు ఎవడిచ్చాడ్రా?" సినిమాలో జ్యోతిష్కుడి మొహం మీద హీరో అనే మాట, రాసి పందొమ్మిదేళ్ళయింది. ఇప్పటికీ ఆటోల వెనక కనిపిస్తుంది. త్రినాథరావు అంటే ఎవరూ గుర్తుపట్టరు. గ్రహాల డైలాగు రైటర్ అంటే కుర్చీ వేస్తారు.

జూన్ 11, బుధవారం

జూబిలీహిల్స్‌లో కుక్కల తిండి కొట్టుకి వెళ్ళాం. కొట్టు అనకూడదేమో, నగల షోరూములా ఉంది. సున్నితమైన చర్మానికి ఒకటి, సున్నితమైన పొట్టకి ఒకటి, రెండూ సున్నితమైతే ఇంకొకటి. మంజులత కళ్ళజోడు పైకెత్తి ఒక్కో సంచీ వెనక చీమ తలకాయంత అక్షరాలు చదివింది. ముందు వైపు చేప బొమ్మ, వెనక వైపు చికెన్ కొవ్వు. "మనుషులకి అబద్ధం చెప్పారంటే సరే. నోరులేని దానికి కూడానా?" అంది, సేల్సు కుర్రాడు బిత్తరపోయేలా.

చివరికి ఇంట్లోనే వండాలని తేల్చింది. కొరమీను, చిలగడదుంప. ఉప్పు లేదు, పసుపు లేదు, నూనె లేదు. నీలమ్మ విని, "కొర్రమట్ట, మొరంగడ్డ! మాకు పండగకు గూడ దొరకదు. జర నన్ను గూడ గోక్కోమంటరా?" అంది. ముగ్గురం నవ్వుకున్నాం.

జూన్ 12, గురువారం

విహారి ఫోను చేశాడు. కుర్ర డైరెక్టరు, కథ నాతో రాయించుకుంటున్నాడు. హీరోకి కథ చెప్పడం మళ్ళీ వాయిదా పడిందట. మూడోసారి. "ఫీలవకండి గురువుగారూ, పక్కా అవుతుంది" అన్నాడు. గురువుగారూ అన్నవాళ్ళెవరూ నాకు పని ఇవ్వలేదు ఇంతవరకు. తెర మీద నా పేరు పడి నాలుగేళ్ళు దాటింది.

చేపల కోసం ఎర్రగడ్డ వెళ్ళాను. ఎలాగూ వెళ్ళాను కదా అని, ఎవరో ఎప్పుడో చెప్పిన మనిషి అక్కడే మేడ మీద ఉంటాడు కదా అని, పైకెక్కాను. ఊరికే. మనుషులు ఎలా మాట్లాడతారో వినడం నా వృత్తి. విన్నాను, వచ్చేశాను.

జూన్ 14, శనివారం

పొద్దున్నే కాటుకని నడకకి తీసుకెళ్ళాను. తొందరగా వచ్చేశాం.

జూన్ 16, సోమవారం

నిన్న కాటుక రెండుసార్లు కక్కింది. గోకుడు ఏడు. మొదట్లో అలాగే ఉంటుంది, ఒళ్ళు కొత్త తిండికి అలవాటు పడాలి అని డాక్టరు ఫోనులో చెప్పింది. నేనూ అదే అనుకున్నాను.

జూన్ 21, శనివారం

నడక.

జూన్ 24, మంగళవారం

విహారి ఫోను. హీరో మేనేజరు తనంతట తనే ఫోను చేసి ఆగస్టులో టైము ఇస్తామన్నాడట! రెండే రెండు శనివారాలకి!

ఇదిగో, రాసేశాను. ఈ పుస్తకంలో కూడా దాచుకుంటే ఇంకెక్కడ చెప్పుకుంటాను. మంజులత నా డైరీ ముట్టుకోదు. "మీ స్క్రిప్టులే చదవలేక చస్తున్నాను" అంటుంది.

ఎర్రగడ్డ జ్యోతిష్కుడు చెప్పినది ఇది. నాకు ఏలినాటి శని. తొమ్మిది శనివారాలు, సూర్యుడు పైకి రాకముందే, మిరియాలు వేసిన మినప గారె ఒకటి నల్ల కుక్కకి నా చేత్తో పెట్టాలి. కాలభైరవుడికి పెట్టినట్టే. ఒక్క వారం తప్పినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క.

మొదటి శనివారం వీధి కుక్కకే పెడదామనుకున్నాను. కాటుకతో నడకకి బయల్దేరి, కృష్ణానగర్ వైపు టిఫిన్ బండి దగ్గర మొదటి వాయి గారె కొన్నాను. ఫిల్మ్ నగర్ సందు మలుపులో ఒక నల్ల కుక్క కనిపించింది కూడా. కాగితం విప్పి వంగానో లేదో, బైకు ఆగింది. షూటింగుకి పోతున్న లైట్‌మన్ ఎవరో. "సార్, మీరు గ్రహాల డైలాగు సార్ గదా! ఒక్కసారి కొట్టుండ్రి సార్!" చేతిలో శనిదేవుడి గారె పెట్టుకుని గ్రహానికి అడ్రసు ఎవడిచ్చాడని అరిచాను. అతను చప్పట్లు కొట్టాడు. గారె జేబులోకి పోయింది. వీధి కుక్క ఎటో పోయింది.

కాటుక నా జేబు వాసన చూస్తోంది. అప్పుడు తట్టింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తొమ్మిదేళ్ళుగా ఇంట్లో నల్ల కుక్క ఉండగా ఈ వెతుకులాటేమిటి? దారి చివర బండరాళ్ళ పక్కన కూర్చోబెట్టి పెట్టాను. రెండు కొరుకుల్లో అయిపోయింది. ఎంత సంతోషించిందో!

ఒక్క గారె. వారానికి ఒక్కటి. మిగతా ఆరు రోజులూ పథ్యమే కదా.

జూన్ 28, శనివారం

సగమే పెట్టాను. పైన చెక్కు గీకేసి, నూనె కాగితానికి అద్ది, మిరియాలు ఏరేసి. ఎంత పెట్టాలో ఆయన చెప్పలేదు. శనికి సగం చాలదా? పెళ్ళికి వెళ్ళి సగం అక్షింతలు వేసినా వేసినట్టే.

మిగతా సగం దూరంగా విసిరేస్తే, పరిగెత్తుకెళ్ళి అదీ తినేసింది.

జూలై 7, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న రాత్రి నుంచి కాటుకకి విరేచనాలు. ఈ ఉదయం నేను టీ తాగుతుంటే మంజులత ఫ్రిజ్ ముందు నిలబడి చార్టు మీద పెన్సిలుతో సున్నాలు చుడుతోంది.

"ఏమండీ, ఇటు రండి. చూడండి. మంగళ, బుధ, గురువారాలు గోకుడు తగ్గుతోంది. మూడుకి కూడా దిగింది. ఆదివారం వచ్చేసరికి ఏడు, ఎనిమిది. నాలుగు వారాలూ ఇదే వరస. అంటే శనివారం ఏదో తింటోంది. ఎవరో పెడుతున్నారు."

టీ కప్పు బల్ల మీద పెట్టాను.

"శనివారం నాకు బడి ఉంటుంది. మీరు నడక నుంచి వచ్చి గదిలో తలుపేసుకుని రాసుకుంటారు. ఇంకెవరుంటారు?" అని నా మొహం చూసింది. అనుమానంగా కాదు. నన్ను సాయం అడుగుతోంది.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. వచ్చిన మాట ఇది: "నీలమ్మకి బిస్కెట్టు పెట్టే అలవాటు కదా."

పెట్టిందని నేను అనలేదు. అలవాటు ఉందన్నాను. అది నిజమే.

ముప్పై ఏళ్ళుగా డైలాగులు రాస్తున్నాను. ఏ మాట ఎక్కడ తగులుతుందో తెలియని వాడిని కాను. ఇంత క్లుప్తంగా, ఇంత బాగా పనిచేసిన డైలాగు ఈ మధ్య ఒక్కటి రాయలేదు.

మంజులత పిలిచింది. నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పెట్టలే అమ్మా" అంది. "నిజం చెప్పు, ఏమీ అనను" అంది మంజులత. "నిజమే చెప్తున్న. పెట్టలే." "మరి సారు..." అని మంజులత ఆగింది. నీలమ్మ నావైపు తిరిగింది. చాలాసేపు చూసింది. నేను పేపరు మడత పెడుతున్నాను.

"మంచిదమ్మా" అంది నీలమ్మ. అంట్లన్నీ తోమింది. స్టవ్ గట్టు తుడిచింది. బట్టలు ఆరేసింది. పోయేముందు కాటుక తల మీద చెయ్యి వేసింది గానీ వంగలేదు.

జూలై 8, మంగళవారం

నీలమ్మ రాలేదు. వాచ్‌మన్ దగ్గర మా ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళిందట.

జూలై 9, బుధవారం

మంజులత ఫోను చేస్తే ఎత్తలేదు. "తప్పు చేయకపోతే అంత కోపం దేనికి?" అంది మంజులత. నేను ఊ కొట్టాను.

జూలై 12, శనివారం

ఈ వారం మానేద్దామనుకున్నాను. నాలుగు అయ్యాయి. ఇప్పుడు ఆపితే ఆ నాలుగూ వృథా, నీలమ్మ పోయినదీ వృథా. ఇలా ఆలోచించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అసహ్యంతోనే బండి దగ్గరికి వెళ్ళాను.

ఐదు.

జూలై 15, మంగళవారం

నీలమ్మ లేదు, అయినా తగ్గలేదు. మంజులత ఇప్పుడు చేపని అనుమానిస్తోంది. ఎర్రగడ్డ చేపల వాళ్ళని అనుమానిస్తోంది. ఫినాయిల్‌ని, మొక్కలకి వేసే ఎరువుని, చివరికి గిన్నెలు తోమే సబ్బుని. నన్ను తప్ప భూమ్మీద ఉన్న ప్రతిదాన్నీ.

డాక్టరు తిండి మార్చింది. పడని పదార్థాన్ని ఒంటికి అంతుబట్టనంత సన్నగా విరగ్గొట్టి చేసిన గుళికలట. అట్టముక్కల వాసన. కాటుక వాసన చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, మర్యాద కోసం నాలుగు గుళికలు తిన్నది. మంజులత కొత్త చార్టు అంటించింది. మళ్ళీ మొదటి రోజు.

నీలమ్మ తన బిస్కెట్టు మానేసిందన్న సంగతి ఈ రోజు గుర్తొచ్చింది. డబ్బా ఇంకా పై అరలోనే ఉంది. తీసి చూశాను. మెత్తబడిపోయాయి.

జూలై 19, శనివారం

నడక. ఆరు.

జూలై 21, సోమవారం

రక్తం పడింది.

మంజులత బాత్రూము గచ్చు మీద కూర్చుని కాటుక పొట్ట రాస్తూ, "పాపం, నీలమ్మని అనవసరంగా అనుమానించామేమోనండీ" అంది.

"పిలిచి అడిగింది నువ్వే కదా" అన్నాను.

అన్నాను ఆ మాట. ఇక్కడ రాస్తే గానీ నేనే అన్నానని నమ్మలేను.

జూలై 24, గురువారం

డాక్టర్ నిహారిక అన్నీ చూసి పెన్ను కింద పెట్టింది. "డైట్ ఇంత స్ట్రిక్ట్‌గా చేసినా రెస్పాన్స్ లేదంటే, ఇది ఫుడ్ వల్ల కాదు. పేగు లోపలి నుంచి ముక్క తీసి టెస్ట్ చేయాలి. మత్తు ఇవ్వాలి. వయసు తొమ్మిది, వీక్‌గా ఉంది, రిస్క్ ఉంటుంది, దాచను. ఆ తర్వాత ఇమ్యూనిటీని తగ్గించే మందు, బహుశా జీవితాంతం."

సోమవారం ఉదయానికి రాసింది.

మంజులత కారులో ఏడ్చింది. నేను డ్రైవ్ చేశాను. చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు తొంభై సెకన్లు. తొంభై సెకన్లలో చెప్పేయొచ్చు. పెద్ద సీనేం కాదు. లైటు మారింది.

జూలై 26, శనివారం

ఏడో శనివారం. వెళ్ళను అనుకుంటూనే లాల్చీ తొడుక్కున్నాను.

రాళ్ళ దగ్గర కూర్చున్నాం. కాటుక గుళికలు తినడం మానేసి రెండు రోజులైంది. గారె తీస్తే కళ్ళు మెరిశాయి. ఎంత నెమ్మదిగా తీసుకుందంటే, పళ్ళు నా వేళ్ళకి తగలకుండా. నా చేత్తో ఇచ్చాను కాబట్టి తిన్నది. ఆకలేసి కాదు. నాకు తెలుసు.

పది అడుగులు వేశాక నా చెప్పుల మీదే కక్కేసింది.

చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, తల పక్కకి తిప్పుకుంది. పిల్లగా ఉన్నప్పుడు తివాచీ పాడు చేస్తే అలా చేసేది. నా కాళ్ళ దగ్గర నేలకి అంటుకుపోయి, తప్పు చేసినదానిలా కూర్చుంది. అది సిగ్గుపడింది. అది!

నేను దాని పక్కన మట్టిలో కూర్చుండిపోయాను. కుళాయి దగ్గర చెప్పులు కడుక్కున్నాను. ఇంటికొచ్చాక, "ఏమైనా తిన్నదా?" అని మంజులత అడిగితే, "లేదు" అన్నాను.

జూలై 28, సోమవారం

ఆస్పత్రి. కాటుక బల్ల మీద. ముందు కాలి మీద బొచ్చు గీకుతున్నారు, సూది కోసం. మరీ సన్నటి కాలు. బొచ్చు కింద ఇంత సన్నబడిందని నాకు తెలియదు.

డాక్టర్ నిహారిక కాగితం తెచ్చింది. సంతకం పెట్టాలి. "మేడమ్, లాస్ట్ టైమ్ అడుగుతున్నా. ఇన్ని వారాల్లో డైట్ తప్ప ఇంకేదీ తినలేదు కదా? షూరేనా?"

మంజులత సంచీలోంచి చార్టులన్నీ తీసి బల్ల మీద పరిచింది. "ఒక్క మెతుకు కూడా లేదు డాక్టర్. పూచీ నాది."

పూచీ నాది అంది. నాకూ కలిపి.

"పెట్టాను" అన్నాను.

ఇద్దరూ వినలేదనుకుంటాను. మళ్ళీ అన్నాను. "నేను పెట్టాను. గారె. శనివారం శనివారం. ఏడుసార్లు."

బొచ్చు గీకే యంత్రం ఆగింది. "ఎందుకు సర్?" అంది డాక్టరు. ఎన్ని వందల పాత్రల చేత నిజాలు ఒప్పించానో. కోర్టు బోనులో, చావు మంచం మీద, వర్షంలో. నాకు మాత్రం ఒక్క మంచి వాక్యం రాలేదు. "జాతకం బాగోలేదన్నారు. నల్ల కుక్కకి పెట్టమన్నారు" అన్నాను.

డాక్టరు నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వి ఉంటే బావుండేది. కాగితం వెనక్కి తీసుకుంది. "మత్తు కేన్సిల్" అని లోపలికి చెప్పింది. "సర్, మినప్పప్పు, మిరియాలు, కాగిన నూనె. ప్రతి వారం. అయితే డైట్ ఫెయిల్ అవ్వలేదు. మనం అసలు మొదలే పెట్టలేదు." వాళ్ళ నాన్న గురించి గానీ, ఆ వీడియో గురించి గానీ ఒక్క మాట అనలేదు.

మంజులత అసలు హైదరాబాదు మనిషి. నాతో, బడిలో, పుస్తకాల భాష మాట్లాడుతుంది. బాగా కోపం వస్తేనే పుట్టింటి మాట బయటికొస్తుంది.

"గిదేందయ్యా?" అంది. "పదకొండేండ్ల సంది పనిచేసే మనిషిని ఇంట్లకెల్లి ఎల్లగొట్టినం. నీ నోటితోనే చెప్పినవ్. నువ్వు చూస్తనే కూసున్నవ్."

ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి నన్ను నువ్వు అంది. కాటుకని తనే ఎత్తుకుని ఆటోలో వెళ్ళిపోయింది. ఎలా మోసిందో!

జూలై 29, మంగళవారం

మాటల్లేవు. భోజనాల బల్ల మీద పాత చార్టులు పెట్టి ఉన్నాయి. పక్కన ఎర్ర పెన్ను.

కూర్చుని నింపాను. జూన్ 14: గారె, నా చేత్తో. జూన్ 21: గారె, నా చేత్తో. జూన్ 28 దగ్గర సగం అని రాయబోయి, పరిగెత్తుకెళ్ళి తిన్న రెండో సగం గుర్తొచ్చి, కొట్టేసి, గారె అని రాశాను. ఏడు గడులు. తిరిగి చూస్తే ప్రతి ఎర్ర గడి పక్కనే ఏడులు, ఎనిమిదులు. పదో తరగతి పిల్లాడైనా కనిపెట్టేస్తాడు. మంజులత ఎందుకు కనిపెట్టలేదంటే, ఆ లెక్కలో నన్ను వేయలేదు. అంతే.

జూలై 31, గురువారం

రహమత్ నగర్ వెళ్ళాను. పదకొండేళ్ళలో మొదటిసారి. ఇల్లు అడుగుతూ అడుగుతూ పోతే ఒక ఆవిడ, "కుక్క నీలమ్మనా?" అంది. ఇక్కడ ఆమెకి పేరు అది. రోజూ మా కాటుక కబుర్లు చెప్పేదట.

నీలమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. లేచి నిలబడింది. "కాటుక మంచిగుందా సార్?" మొదటి మాట అదే.

చెప్పాను. గారెలు, ఎర్రగడ్డ, శనివారాలు, అన్నీ. నిలబడే చెప్పాను. అంతా విని, కుర్చీ తెచ్చి వేసింది.

"నాకెరుకే సార్" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీ బట్టలు మెషిన్ల ఏసేముందు జేబులు దులిపేది నేనే గదా. శనివారం శనివారం లాల్చీ జేబుల నూనె మరక. మిరియాలు, గారె తునకలు. ముందుగాల మీరే తింటున్నరనుకున్న, అమ్మకు తెల్వకుంట. ఎనుక కాటుక మీ జేబు వాసన చూసుడు చూస్తే సమజైంది."

"మరి ఆ రోజు అమ్మతో ఎందుకు చెప్పలేదు నీలమ్మా?"

బియ్యంలోంచి రాయి ఒకటి తీసి పారేసింది. "మీ ఇజ్జత్ గదా సార్. మీరు అందరి ముంగట గ్రహాలు గిట్ల లెవ్వు అని చెప్పేటోళ్ళు. మొక్కుకున్నరని నేనెట్ల చెప్త? మీరే చెప్తరని చూసిన." ఇంకో రాయి ఏరింది. "మీరు నా పేరు చెప్పిండ్రు."

కోపంగా అంటే తట్టుకునేవాడిని. కూర బావుందన్నంత మామూలుగా అంది.

తప్పైపోయింది అన్నాను. పనికి రమ్మన్నాను. "వేరే ఇల్లు పట్టుకున్న సార్. మాట ఇచ్చిన. మాట ఇచ్చినంక ఎట్ల?" అంది. చాయ్ పెడతానంది. వద్దనలేకపోయాను. గ్లాసుతో పాటు పళ్ళెంలో రెండు బిస్కెట్లు. చాయ్ మాత్రం తాగాను.

ఆగస్టు 5, మంగళవారం

విహారి ఫోను. శనివారం పొద్దున హీరోకి కథ చెప్పాలి, పక్కా. "గురువుగారూ, ఒక్కటే రిక్వెస్టు. ఆ గ్రహాల డైలాగు లాంటిది ఇంకోటి పడాలి. జ్యోతిష్కుడి చెంప పగిలిపోవాలి. హీరోగారు అడిగారు."

"నేను రాయలేను విహారీ" అన్నాను.

"ఏంటి సార్, మీరు రాయకపోతే ఎవరు రాస్తారు?"

"ఎవరైనా రాస్తారు. నాకు ఆ మాట అనే అర్హత లేదు."

నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు. సాయంత్రం మళ్ళీ ఫోను చేసి, వేరే అతనితో రాయిస్తున్నామనీ, తప్పుగా అనుకోవద్దనీ చాలా మర్యాదగా చెప్పాడు. గురువుగారూ అనలేదు. త్రినాథరావు గారూ అన్నాడు.

మంజులతకి చెప్పాను. "ఊఁ" అంది. వారం తర్వాత మొదటి మాట.

ఆగస్టు 9, శనివారం

ఈ రోజుకి తొమ్మిది పూర్తయ్యేవి. చార్టులో ఇది పన్నెండో రోజు. మళ్ళీ కొరమీను, చిలగడదుంప. గోకుడు రెండు. పొట్ట సున్నా. నిన్న కాటుక బంతి కూడా తెచ్చి నా పాదాల మీద పడేసింది.

పొద్దున్నే లేచి నా గది గుమ్మంలో కూర్చుని ఉంది. శనివారమని దానికి ఎలా తెలుస్తుందో. లాల్చీ జేబులో ముక్కు పెట్టింది. జేబు బయటికి తిప్పి చూపించాను. ఖాళీ గుడ్డని నాకి, నా మొహం చూసింది. ఇంకా నమ్ముతోంది.

పది గంటలకి బెల్లు మోగింది. తలుపు తీస్తే నీలమ్మ. పనికి కాదు, ఇటువైపు వచ్చిందట, కాటుకని చూసి పోదామని. లోపలి నుంచి కాటుక అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చి ఆవిడ చీర చుట్టూ తిరుగుతోంది, తోక తలుపుకి కొట్టుకుంటోంది. మంజులత వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నీలమ్మ వెంటనే దాన్ని ముట్టుకోలేదు. చేతిసంచీ గడప బయట పెట్టింది. కొంగు దులిపింది. రెండు అరచేతులూ చాపి మంజులతకి చూపించింది. "చూడుండ్రి అమ్మా, ఏం తేలే."

"అయ్యో, నీలమ్మా" అంది మంజులత.

తర్వాత నావైపు తిరిగి, నాకూ చూపించింది. రెండు చేతులూ. వేళ్ళు విడదీసి మరీ.

అప్పుడు వంగి కాటుకని దగ్గరికి తీసుకుంది.